ఐదడుగుల మూడంగుళాలు

జూన్ 14

మా మెకానిక్ షెడ్డు మళ్లీ కొలిచాను. వెడల్పు పదకొండు అడుగుల ఎనిమిది అంగుళాలు. పొడవు పంతొమ్మిది. నేల నుంచి స్లాబు దాకా పది అడుగుల రెండంగుళాలు. నిన్న కొలిచినా ఇంతే వచ్చింది. స్లాబు పైన నేనూ పద్మప్రియా కాపురం ఉంటాం కాబట్టి దాన్ని ఎత్తు పెంచడం కుదరదు.

పద్మప్రియ టీ తెచ్చి గడపలో నిలబడింది. "మూడు దినాల సంది గదే గోడ కొలుస్తున్నవ్. గోడ ఏమన్న పెరుగుతదా?" అంది.

లిఫ్టు పెట్టాలి. కారును నాలుగు చేతులతో పట్టి పైకి లేపే రెండు స్తంభాల లిఫ్టు. అది ఉంటే ఎవరూ కారు కింద వెల్లకిలా పడుకోనక్కర్లేదు. ఫిబ్రవరి పదకొండున జాకీ జారి అన్న మీద కారు పడిన దగ్గర నుంచి నేను కారు కిందికి దూరలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. భుజాల దాకా వెళ్లి బయటికొచ్చేశాను. ఇప్పుడు ఆయిలు మార్చడం, ప్లగ్గులు, బ్రేకులు, ఇంతే చేస్తున్నాను. మిగతా బండ్లను స్టేషన్ రోడ్డు షెడ్లకు పంపించేస్తున్నాను.

లిఫ్టు వస్తే అన్న కూడా పనికి వస్తాడు.

జూన్ 15

ఆదివారం. ఎల్లారెడ్డి వెళ్లలేదు. అన్నను చూడటానికి పోదామంటే వాన వచ్చేలా ఉండింది. రాలేదు.

జూన్ 23

జోయల్ వచ్చాడు. నిజామాబాద్ వైపు షెడ్లలో లిఫ్టులు బిగించేది ఇతనే. ముప్పై ఐదేళ్లుంటాయి, మాట తక్కువ. లేజర్ టేపుతో ఒక్క నిమిషంలో కొలిచేశాడు. నా కొలతలే వచ్చాయి.

"స్తంభాలు పడతయన్నా. పరేషాన్ లేదు. గని నిలవడి పని చేసుడు కాదు గిక్కడ" అన్నాడు. "బండి టాపు స్లాబుకు తాకకుంట లేపితే, కింద ఐదు ఫీట్ల మూడించులే వస్తది. దినమంత మెడ వంచుడే. రెండేండ్లల్ల మెడ పోతది."

"కూసొని చేసేటోళ్లకైతే?"

"కూసొని చేసేటోళ్లకైతే కొలిచి చేసినట్టుంటది."

స్టూలు మీద నేను కూర్చుంటాననుకున్నాడు. నేనడిగింది అన్న కోసం. నాకంటే చిన్నవాడి ఎదుట ఏడవకుండా ఉండటానికి వెళ్లి గేటు తీశాను, మళ్లీ వేశాను.

తర్వాత జోయల్ నేలకు రంధ్రం వేసి చూశాడు. పైన రెండంగుళాల సిమెంటు, కింద మొరం. ఇది పనికిరాదట. బోల్టు పట్టాలంటే ఎనిమిది అంగుళాల కాంక్రీటు, మధ్యలో ఇనుప జాలీ ఉండాలి. నేలంతా తవ్వి మళ్లీ పోయాలి. పోశాక ఇరవై ఎనిమిది రోజులు ముట్టుకోకూడదు.

వెళ్లేముందు బండి స్టార్టు చేస్తూ అడిగాడు. "మీ అన్న ముచ్చట ఇన్న. మరి గప్పుడు స్టాండు పెట్టలేదా అన్నా?"

"జాకీ జారింది" అన్నాను.

జూలై 6

పొద్దున్నే బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లాను. జేబులో టేపు పెట్టుకున్నాను.

వదిన అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. రెండు గంటలకోసారి లేచి లోపలికి పోయి అన్నను పక్కకు తిప్పుతుంది. పుండు పడకుండా తిప్పుతూ ఉండాలని ఆస్పత్రిలో చెప్పారు. తిప్పినప్పుడల్లా తిడుతుంది. "బండ లెక్క ఉన్నవ్, తిండి తగ్గించుకోరాదూ" అంటుంది. "నువ్వు మంచిగ వండుడు బంద్ జెయ్" అంటాడు అన్న. రోజుకు పన్నెండు సార్లు ఇదే మాట. ఇద్దరికీ విసుగు రాదు.

బొడ్డు కింద అన్నకు ఏమీ తెలియదు. చీమ కుట్టినా, నిప్పు పడినా. చేతులు మాత్రం అవే చేతులు. నా పదహారో ఏట నాకు పానా పట్టడం నేర్పినవి. ఇరవై రెండేళ్లు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో వచ్చి నాతో పని చేసినవి.

అన్నను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాక టేపు తీశాను.

"మీ అన్నకు అంగీ కుట్టిస్తవా ఏంది?" అని వదిన నవ్వింది.

నేల నుంచి తల దాకా నాలుగడుగుల మూడంగుళాలు. చెయ్యి పైకెత్తమన్నాను. కుడి చెయ్యి ఎత్తాడు, ఎడమ చేత్తో కుర్చీని పట్టుకుని. ఐదడుగుల పది. అంటే మోచెయ్యి కాస్త వంచి హాయిగా పని చేసుకోవచ్చు.

"దేనికిరా?" అన్నాడు.

"ఊకెనే."

"ఊకెనే మనుషులను కొలుస్తరా?"

అప్పుడు చెప్పాను. లిఫ్టు గురించి, స్లాబు ఎత్తు గురించి, నిలబడే మనిషికి తక్కువై కూర్చునే మనిషికి సరిగ్గా సరిపోయే ఆ కొలత గురించి. మాట్లాడుతూనే ఉన్నాను. గేటు దగ్గర మెట్టు తీసేసి వాలుగా చేయిస్తానన్నాను. పనిముట్లన్నీ అన్న చేతికందేలా గోడకు కింద తగిలిస్తానన్నాను. వదిన చుట్టడం ఆపేసింది. కొంగుతో కళ్లొత్తుకుంది.

"విన్నవా? మీ తమ్ముడు ఏం జేస్తుండో విన్నవా?" అంది అన్నతో.

అన్న గడప వైపు చూశాడు. "సూద్దాం తీ" అన్నాడు.

అన్న మాట ఎప్పుడూ అంతే. ఒప్పుకున్నట్టే.

బస్టాండుకు వస్తుంటే వదిన వెనకే వచ్చింది. "గా జాకీ చేసినోని చేతులు ఇరిగిపోను. నువ్వున్నవ్ గనక మాకింత ధైర్యం" అంది. ఇంత జరిగినా ఆమె తిట్టేది జాకీనే.

జూలై 20

ఎల్లారెడ్డి వెళ్లాను. అన్న నిద్రపోతున్నాడు. లేపలేదు.

ఆగస్టు 5

నేల తవ్వడం మొదలైంది. ఇద్దరు కూలీలు, ఒక బ్రేకర్ మిషను. గోడ వైపు నుంచి మొదలుపెట్టమన్నాను. ఎడమ స్తంభం వచ్చే చోటికి వాళ్లు చేరుకునేసరికి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. మరకేమీ లేదక్కడ. ఎప్పుడో కడిగేశాం. అయినా చూడలేకపోయాను.

పద్మప్రియ బియ్యం ఏరుతోంది. "అక్క నిన్న ఫోను జేసింది. బావ మళ్లా పనికి పోతడు అని అందరికి చెప్తున్నదట" అంది. తర్వాత నా ముఖం చూడకుండా, "డాక్టరు గట్ల చెప్పలేదు కదా" అంది.

"డాక్టర్లు మెకానిక్కులా?" అన్నాను.

ఆగస్టు 19

కాంక్రీటు పోశారు. ఎనిమిది అంగుళాలు, మధ్యలో జాలీ. సెప్టెంబర్ పదహారు దాకా దాని మీద బరువు పెట్టొద్దని జోయల్ గట్టిగా చెప్పాడు. తడి గోనెసంచులు కప్పాను.

ఇరవై ఎనిమిది రోజులు చేతిలో పని లేదు. అది మంచిది కాదు.

ఆగస్టు 27

వినాయక చవితి. తెల్లవారకముందు నుంచి వాన. వాన అనకూడదు దీన్ని. మధ్యాహ్నానికి మా వీధి కనబడలేదు, నీళ్లే. షెడ్డులో మోకాలి లోతు. గోనెసంచులు తేలుతున్నాయి. పై మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. మండపంలో పెట్టాల్సిన గణపతి వీధి చివర ట్రాలీలోనే ఉండిపోయాడు, మీద టార్పాలిన్‌తో.

వదినకు ఫోను కలవడం లేదు.

ఆగస్టు 28

ఇంకా కురుస్తోంది. ఎల్లారెడ్డి రోడ్డు లింగంపేట దగ్గర తెగిపోయిందంటున్నారు. ఫోను లేదు, కరెంటు లేదు. వాళ్ల ఇల్లు పల్లంలో ఉంది. ఇంట్లో నీళ్లొస్తే వదిన ఒక్కతే అన్నను ఎత్తగలదా? ఎత్తలేదు.

బయలుదేరతానంటే పద్మప్రియ గేటుకు అడ్డం నిలబడింది. "ఎట్ల పోతవ్? ఈదుకుంట పోతవా?" అంది.

ఆగస్టు 29

ఈ పుస్తకాన్ని ఎవరూ చదవరు. రాస్తున్నాను.

జాకీ ఊరికే జారలేదు.

ఆ రోజు కారు కింద స్టాండు పెట్టి ఉంది, జాకీ జారినా కారు కిందికి రాకుండా. నేనే పెట్టాను. మా దగ్గర ఉన్న రెండు స్టాండ్లలో ఒకటి వంగిపోయి ఆరు నెలలైంది. రేపు కొందాం, ఎల్లుండి కొందాం అనుకుంటూనే ఉన్నాం. పన్నెండు గంటలకు ఒక బొలెరో వచ్చింది. మద్నూర్ వెళ్లాలి, పెళ్లి బృందం, చక్రం ఊగుతోంది, తొందరగా చూడమని గోల. అన్న పని చేస్తున్న కారు కింద ఉన్న స్టాండు తీసి బొలెరో కింద పెట్టాను. ఐదు నిమిషాల పని. అన్న టీ తాగడానికి బయటికి వచ్చాడనుకున్నాను.

అంతే జరిగింది. బయటికి వచ్చాడనుకున్నాను.

ఆగస్టు 31

బైకు మీద చుట్టుతిరిగి, రెండు చోట్ల బైకు తోసుకుంటూ ఎల్లారెడ్డి చేరాను. బతికే ఉన్నారు. ఇంట్లోకి మంచం ఎత్తు దాకా నీళ్లొచ్చాయట. పక్కింటివాళ్లు వచ్చి మంచాన్ని ఇటుకల మీదికి ఎక్కించారు. కానీ పరుపు తడిసిపోయింది. తడి పరుపు మీద అన్న రెండు రోజులున్నాడు. ఆయనకు తడి తెలియదు కదా. నీళ్లలో నిలబడి తిప్పడం కుదరక, వదిన చెయ్యి పెట్టి చూసేదాకా ఎవరికీ తెలియలేదు.

వెనక, తుంటి దగ్గర, రూపాయి బిళ్లంత పుండు.

"చిన్నదే, మానుతది" అన్నాను.

వదిన తలూపింది. అన్న నన్నే చూస్తున్నాడు.

సెప్టెంబర్ 2

జోయల్ వచ్చి నేల చూశాడు. చెడిపోయి ఉంటుందని భయపడ్డాను. సుత్తితో నాలుగు చోట్ల కొట్టి విన్నాడు. "ఏం గాలేదన్నా. నీళ్లు దీనికి మంచిదే. ఇంక గట్టిపడ్డది" అన్నాడు.

సెప్టెంబర్ 18

లిఫ్టు నిలబెట్టారు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగుకు బిగించేశారు. ఎర్రరంగు స్తంభాలు. ఒక్కో స్తంభానికి ఐదు యాంకర్ బోల్టులు. జోయల్ ప్రతి బోల్టునూ మూడుసార్లు చూశాడు. పక్కింటాయన పాత కారు తెచ్చి పెట్టాం. నాలుగు చేతులు దాని కిందికి జరిపి, రబ్బరు ప్యాడ్లు సరిచూసి, స్విచ్చు నొక్కాను. ప్రతి నాలుగంగుళాలకూ లాక్ పడుతూ టక్ టక్ మని చప్పుడు. స్లాబుకు మూడంగుళాల దూరంలో ఆగింది.

కిందికి వెళ్లి కొలిచాను. ఐదడుగుల మూడంగుళాలు.

"కరెంటు పోయినా, వైరు తెగినా దిగదు. లాకుల మీద కూసుంటది. నువ్వు చేత్తోని లాక్ తీస్తేనే దిగుతది" అన్నాడు జోయల్.

మనిషి చేత్తో తీస్తేనే.

సెప్టెంబర్ 24

వదిన ఫోను. పుండు పెద్దదైంది. నర్సు వచ్చి కట్టు మారుస్తోంది. కుర్చీలో పావుగంట కంటే ఎక్కువ కూర్చోబెట్టొద్దంది. "దసరాకు లిఫ్టు పూజకు తీస్కరావాల్నా మరి?" అని అడిగింది వదిన.

పావుగంట చాలు అన్నాను. మొదటి రోజు పావుగంట. తర్వాత అరగంట అవుతుంది. పుండు మానాక గంట. అలా అలవాటు పడతాడు.

సెప్టెంబర్ 28

మెట్టు తీసేసి వాలు చేయించాను. పనిముట్లు గోడకు కింద తగిలించాను.

అక్టోబర్ 2

దసరా. రాయడం మొదలుపెట్టి రెండుసార్లు ఆపాను.

తెలిసినవాళ్ల ఓమ్ని వ్యానులో వెనక సీటు తీసేసి, పరుపు వేసి అన్నను తీసుకొచ్చాం. పదకొండుకు చేరాం. లిఫ్టుకు బంతిపూల దండలు, పసుపు, కుంకుమ పెట్టింది పద్మప్రియ. పానాలన్నీ పళ్లెంలో పేర్చి పూజ చేశాం. అన్న తెల్ల అంగీ వేసుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. వదిన కొత్త చీర కట్టుకుంది. ఫిబ్రవరి తర్వాత ఆమె కొత్తది కట్టడం ఇదే.

పూజ అయ్యాక ఆడవాళ్లిద్దరూ వంట కోసం పైకి వెళ్లారు. నేను పక్కింటాయన కారును పైకి లేపాను. అన్న కుర్చీని వాలు మీదుగా తోసి, కారు కిందికి తీసుకెళ్లాను.

సరిగ్గా సరిపోయింది. తల మీద అడుగు ఖాళీ. ఇంజను కింది భాగమంతా ఎదురుగా. అన్న తల ఎత్తి చూశాడు. ఎన్ని నెలలైందో ఆ ముఖంలో ఆ చూపు చూసి. ఆయిల్ సీలు దగ్గర తడి చూపించి "గీడ కారుతున్నది, సూడు" అన్నాడు. పన్నెండో నంబరు పానా అడిగాడు. ఇచ్చాను. కుడి చేత్తో బోల్టుకు తగిలించాడు. అది బిగుసుకుపోయి ఉంది. ఒక్క చేత్తో కదల్లేదు. ఎడమ చెయ్యి కుర్చీని వదిలి పైకి వచ్చింది.

రెండు చేతులూ పైకి లేవగానే అన్న ముందుకు పడిపోయాడు.

తూలడం కూడా కాదు. నిలబెట్టిన బియ్యం బస్తా ఒరిగినట్టు, నడుము దగ్గర మడతపడి, ముఖం మోకాళ్ల మీద పడింది. పానా నేల మీద మోగింది. భుజాలు పట్టి వెనక్కి లేపాను. పెదవి చిట్లింది.

"నడుము నిలవడదురా" అన్నాడు. "ఒక చెయ్యితోని పట్టుకుంటేనే కూసుంట. రెండు చేతులు లేపితే వడిపోత. ఆస్పత్రిలనే చెప్పిండ్రు."

"బెల్టు కడదాం. కుర్చీకి బెల్టు కట్టుకుంటే…"

"కట్టి చూసినం. ఊపిరాడదు."

"మరి నాకు చెప్పలేదేందన్నా? మూడు నెలల సంది నేను…"

"నువ్వు అడగలే. కొలిచినవ్, గంతే."

అక్కడే నేల మీద, కుర్చీ ముందు కూర్చుండిపోయాను. నోట్లోంచి ఆ మాటే వచ్చేసింది.

"అన్నా, స్టాండు నేనే తీసిన. నువ్వు బయటికొచ్చినవ్ అనుకున్న."

పెదవి తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది.

"అనుకోలే" అన్నాడు.

"నిజంగన్నా…"

"నా కాలు స్టాండుకు అడ్డమున్నది. 'అన్నా, జర కాలు జరుపు' అన్నవ్. జరిపిన."

పైన వంటింట్లో ఆడవాళ్లు నవ్వుతున్నారు.

నాకు గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది. ఆగస్టులో ఈ పుస్తకంలో రాసేటప్పుడు కూడా గుర్తుంది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా ఆ ఒక్క మాట రాయలేకపోయాను.

"నేను కూడ వద్దనలే" అన్నాడు అన్న. "ఐదు నిమిషాలే గదా అనుకున్న. బొలెరో వాళ్లు ఒర్రుతుండ్రు. కాలు జరిపి, మల్ల నా పని నేను చేసుకుంటున్న. వద్దంటే నువ్వు తీయకపోదువు. అననే లేదు. గందుకే ఎవ్వలకు చెప్పలే."

"తిట్టన్నా. కొట్టు."

"కొట్టుడు ఒక చెయ్యితోని గాదు" అన్నాడు. నవ్వే అది. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇగో చక్రీ, మీ వదినెకు చెప్పకు. నేనే కాలు జరిపిన అని ఆమెకు తెల్వొద్దు. జాకీని తిట్టుకుంటనన్న నన్ను ఎత్తుతున్నది. ఇగ చాలు, బయటికి తియ్యి. పావుగంటయింది."

మధ్యాహ్నం ఆయన పరుపు మీద పడుకునే రెండు ముద్దలు తిన్నాడు. పెదవి ఏమైందని వదిన అడిగింది. పానా తగిలిందన్నాడు. "మొదటి దినమే పని దొరికింది చూడు" అని ఆమె మురిసిపోయింది.

అక్టోబర్ 4

రెండు కార్లు వచ్చాయి. లిఫ్టు మీద చేశాను. స్టూలు మీద కూర్చుంటే నాకూ సరిపోతోంది.

అక్టోబర్ 11

అన్నకు జ్వరం. నూట రెండు. పుండులో చీము.

అక్టోబర్ 12

వదిన పొద్దున ఫోను చేసింది. ఏడుస్తూ, "గంత మంచి లిఫ్టు పెట్టినవ్, ఆయన నసీబుల లేకపాయె. నీ అసోంటి తమ్ముడు ఎవ్వలకుంటడు" అంది.

అక్టోబర్ 19

చెప్పేశాను.

చెప్పొద్దన్నాడు. తెలుసు. చెప్పాను.

మధ్యాహ్నం. అన్న మందుల మగతలో ఉన్నాడు. జ్వరం తగ్గింది. వదిన అరుగు మీద తునికాకు కత్తిరిస్తోంది. నాకు జొన్నరొట్టె, పప్పు పెట్టింది. మరిదినని నెయ్యి కూడా వేసింది. "జర తిను, నీ మొఖం చూడు ఎట్లయిందో. మా కోసం నువ్వు అరిగిపోతున్నవ్" అంది.

ఆ రొట్టె నోట్లో పెట్టుకోలేకపోయాను. పళ్లెం పక్కన పెట్టి మొదలుపెట్టాను. స్టాండు నేను తీశానని చెప్పాను. అక్కడితో ఆగొచ్చు. ఆగి ఉంటే తప్పంతా నాదే అయ్యేది, ఆమె నన్ను తిట్టేది, అంతటితో అయిపోయేది. ఆగలేదు. అన్న కాలు జరిపాడని కూడా చెప్పాను. వద్దనలేదని చెప్పాను. ఆయనకు అంతా తెలుసని, మొదటి రోజు నుంచీ తెలుసని చెప్పాను.

ఎందుకు చెప్పాను అదంతా? బరువులో కొంత ఆయన మీద కూడా పెట్టాలనుకున్నానేమో. ఇవాళ అబద్ధం రాయను. పెట్టాలనే అనుకున్నాను.

వదిన కత్తెర ఆగలేదు. ఆకు గుండ్రంగా తిప్పి, ఈనె తీసి, కట్టలో పెట్టింది. ఇంకోటి తీసుకుంది.

"కాలు జరిపిండా?" అంది.

"ఆ."

"నాకు ఆస్పత్రిల చెప్పిండు. నాకేం తెల్వది ఉమా, కండ్లు తెరిచేసరికి గట్లయింది అన్నడు. నా చెయ్యి పట్టుకొని అన్నడు."

నేను తల దించుకున్నాను.

"ఎనిమిది నెలలు" అంది. "ఎత్తుతున్న, కడుగుతున్న, తిప్పుతున్న. దేవుండ్లందరికి మొక్కిన. గా జాకీని తిట్టిన, కారు తెచ్చినాయనను తిట్టిన. ఆయన పక్కన పండుకొని ఇనుకుంటున్నడు. ఒక్కసారన్న చెప్పబుద్ధి కాలేదా?"

"వదినా, తప్పు నాది. నన్ను అను."

"నిన్నేమంట? నువ్వు చెప్పినవ్ గదా." కత్తెర కింద పెట్టింది. "నువ్వు చెప్పి ఒడ్డెక్కినవ్. ఇగ పో. రెండున్నర బస్సు ఉన్నది."

రొట్టె పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. నేను బస్టాండుకు వచ్చాను. ఈసారి ఆమె వెనక రాలేదు.

అక్టోబర్ 20

పద్మప్రియకు కూడా చెప్పాను. నాలుగు మాటల్లో. "అక్కకు ఎందుకు చెప్పినవ్?" అని ఒక్కటే అడిగింది. బియ్యం కడిగిన నీళ్లు ఎప్పటిలా చెట్టుకు పొయ్యకుండా సింకులో పారబోసి వెళ్లిపోయింది.

అక్టోబర్ 28

అన్న ఫోను చేశాడు. తనే చేశాడు. ఎప్పుడూ వదిన కలిపి ఇచ్చేది.

"ఎందుకు చెప్పినవ్‌రా?" అన్నాడు.

"తట్టుకోలేక అన్నా."

"నేను తట్టుకోలేదా?"

ఫోను పట్టుకుని షెడ్డు బయటికి వచ్చాను.

"మీ వదినె అన్నీ చేస్తున్నది" అన్నాడు. "ఎప్పటి లెక్కనే. కట్టు మారుస్తది, తిప్పుతది, తినవెడ్తది. మాట్లాడుతలేదు. ఇయ్యాలటికి తొమ్మిది దినాలు. మునుపు తిప్పినప్పుడల్ల బండ లెక్క ఉన్నవ్ అని తిట్టేది. ఇప్పుడు తిడుతలేదురా."

"నేనొచ్చి మాట్లాడుత అన్నా."

"వద్దు. నువ్వు మాట్లాడకు."

నవంబర్ 2

ఆదివారం. ఎల్లారెడ్డి వెళ్లలేదు. పని ఉంది.

నవంబర్ 9

ఆదివారం. వెళ్లలేదు. పని లేదు.

నవంబర్ 13

లిఫ్టు ఉందని తెలిసి బాన్సువాడ నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. ఇవాళ నాలుగు. పైన కారు, కింద స్టూలు మీద నేను. నడుము నొప్పి లేదు. భయం లేదు. అన్నీ చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. మధ్యాహ్నం ఒకాయన తన కారు కింద నిలబడబోయి తల తగిలించుకుని, "గింత తక్కువ ఎత్తుల ఎందుకు పెట్టిచ్చినవ్?" అని అడిగాడు.

స్లాబు అంతే ఉంది సార్ అన్నాను.

నవంబర్ 16

ఆదివారం. బస్టాండు దాకా వెళ్లాను. బస్సు ఖాళీగానే ఉంది. ఎక్కలేదు.

నవంబర్ 21

పుండు ఎముక దాకా వెళ్లిందట. నర్సు పద్మప్రియకు చెప్పింది. హైదరాబాద్ తీసుకెళ్లి కోసి శుభ్రం చేయించాలి. చేసినా మానుతుందని చెప్పలేమన్నారు.

నవంబర్ 22

వదిన ఫోను చేసింది. ఆ రోజు తర్వాత ఇదే.

"మీ అన్న అడుగుతుండు, ఎప్పుడొస్తవని" అంది. "నేను అడుగుతలేను. ఆయన అడుగుతుండు." పెట్టేసింది.

నవంబర్ 23

వెళ్లాను.

అన్న సగమయ్యాడు. చెంపలు లోపలికి పోయాయి. చేతులు కూడా సన్నబడ్డాయి. నేను పక్కన కూర్చుంటే షెడ్డు గురించి అడిగాడు. ఎన్ని బండ్లు వస్తున్నాయని, లాకులకు గ్రీజు పెడుతున్నావా అని. పెడుతున్నానన్నాను. రేపు హైదరాబాద్ అంబులెన్సు ఎన్నింటికని అడిగాడు. తొమ్మిదికన్నాను. అంతే మాట్లాడాం.

మధ్యాహ్నం రెండైంది, తిప్పే వేళ. వదిన లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు, ఆయన వైపూ చూడలేదు. దుప్పటి అంచు చేతికి చుట్టుకుంది. ఇదివరకు ఒక్కతే తిప్పేది. ఇప్పుడు ఆమె వల్ల కావడం లేదని చూస్తేనే తెలుస్తోంది. మణికట్లు వాచి ఉన్నాయి.

నేను లేచి అటువైపు వెళ్లాను. దుప్పటి రెండో అంచు నా వైపు పడి ఉంది. ముట్టుకోవచ్చో లేదో తెలియక నిలబడ్డాను.

"పట్టు" అంది.

పట్టుకున్నాను.

"ఎత్తు."

ఎత్తాం. ఆయన బరువేమీ లేడు. పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, మోకాళ్ల మధ్య ఇంకో దిండు పెట్టింది. అన్న గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఆయన ఆ తిట్టు కోసం కాసేపు ఎదురుచూశాడు. అది నాకు ఆయన వీపులో కనబడింది.

వదిన దుప్పటి సరిచేసి బయటికి వెళ్లి చాట ముందు కూర్చుంది. నేను నాలుగింటి దాకా ఉండి, ఇంకోసారి తిప్పి వచ్చాను.